ఆకాశంలోంచి దూకడం సరే, నెల జీతం ఎక్కడిది?

ప్రశ్న: మాది గాజువాక. మా అమ్మాయి ఇంటర్ రెండో ఏడు, ఎంపీసీ. పాట్రిక్ ద గయార్డన్ అనే ఫ్రెంచి స్కైడైవర్ వీడియోలు చూసి తానూ అదే అవుతానంటోంది. ఈఏపీసెట్ రాయనని మొండికేసింది. అసలు ఇందులో బతుకుదెరువు ఉందా?

జవాబు: ఉంది, కానీ దూకడం ఒక్కదానితోనే ఇల్లు గడుపుకునేవాళ్లు ఏ దేశంలోనైనా కొద్దిమందే. మీరు స్కైడైవింగ్ వద్దనకండి. ఆమెను ఈఏపీసెట్ మాననివ్వకండి. ఈ రెండింటికీ పొత్తు ఎలా కుదురుతుందో చెబుతాను.

ద గయార్డన్ కాళ్లకు బోర్డు బిగించుకుని గాలిలో జారే స్కైసర్ఫింగ్‌కు పేరు తెచ్చినవాడు. 1990ల నడుమ వింగ్‌సూట్‌ను, అంటే చేతులకూ కాళ్లకూ నడుమ గుడ్డ రెక్కలున్న దుస్తులను, పనికొచ్చే రూపానికి తెచ్చాడు. 1997లో పిలాటస్ పోర్టర్ విమానంలోంచి దూకి, వింగ్‌సూట్‌తో ఎగురుతూ తిరిగి అదే విమానంలోకి వెళ్లాడు. మీ అమ్మాయి చూసింది బహుశా ఇదే. 1998 ఏప్రిల్ 13న హవాయిలో, తన ప్యారాచూట్ సంచికి తానే చేసుకున్న మార్పును పరీక్షిస్తూ చనిపోయాడు. దానికి కారణం రిగ్గింగ్‌లో, అంటే ప్యారాచూట్‌ను సంచిలో అమర్చి బిగించే పనిలో, జరిగిన పొరపాటు. అంతటి నేర్పరికే అలా జరిగిందంటే ఈ రంగంలో తాడు, గుడ్డ, కుట్టు, మడత తెలిసిన మనిషికి ఎంత పనుందో ఆలోచించండి. ఆ ఉద్యోగం సంగతి కింద చెబుతాను.

మిగతా పేరున్నవాళ్లు ఏం చేసి బతికారో చూడండి. 1960లో 31 కిలోమీటర్ల ఎత్తు నుంచి దూకిన జోసెఫ్ కిట్టింగర్ అమెరికా వాయుసేన అధికారి. 2014లో 41 కిలోమీటర్లు దాటిన ఎత్తు నుంచి దూకిన అలన్ యూస్టస్ గూగుల్‌లో ఇంజినీరింగ్ విభాగాలు నడిపిన కంప్యూటర్ నిపుణుడు. చెరిల్ స్టెర్న్స్ 1977లో అమెరికా సైన్యపు గోల్డెన్ నైట్స్ జట్టులో చేరిన తొలి మహిళ, తర్వాత ఎయిర్‌లైన్ పైలట్. మన రేచల్ థామస్ 1979లో ఆగ్రాలో తొలిసారి దూకారు. 2002లో ఉత్తర ధ్రువం మీద 7,000 అడుగుల నుంచి దూకింది మన రైల్వేల 150 ఏళ్ల సందర్భంగా. 2005లో పద్మశ్రీ అందుకున్నారు. ఈ నలుగురిలో ఎవరి వెనకైనా ఒక కొలువో, ఒక సంస్థో ఉంది.

ఇక లెక్క. ఈ ఆటలో డిగ్రీ అంటే లాగ్‌బుక్‌లో దూకుళ్ల సంఖ్యే. ప్రపంచమంతటా చెల్లుబాటయ్యే అమెరికా సంఘం పద్ధతిలో 25 దూకుళ్లకు ‘ఎ’ లైసెన్స్, 50కి ‘బి’, 200కి ‘సి’, 500కి ‘డి’. వయసు 18 నిండాలి. వింగ్‌సూట్ తొడుక్కోవాలంటే కనీసం 200 ఉండాలి. కొత్తవాళ్లను తన ఒంటికి కట్టుకుని దూకే టాండెమ్ ఇన్‌స్ట్రక్టర్ కావాలంటే 500 దూకుళ్లు, మూడేళ్ల అనుభవం అడుగుతారు. ఒక్కో టికెట్ రెండున్నర వేలనుకున్నా 500కు పన్నెండున్నర లక్షలు. సొంత రిగ్, అంటే సంచి, మెయిన్ (అసలు ప్యారాచూట్), రిజర్వ్ (అది చెడితే వాడే రెండోది), ఆటోమేటిక్‌గా రిజర్వ్ తెరిచే ఏఏడీ, అన్నీ కొత్తవైతే ఇంకో ఆరేడు లక్షలు. సెకండ్‌హ్యాండ్‌లో దాదాపు సగానికి దొరుకుతుంది, రిగ్గర్, అంటే ప్యారాచూట్లు సరిచూసి మడిచే నిపుణుడు, చూసి సరేనన్నాకే కొనాలి. ఇంత పెట్టి ఇన్‌స్ట్రక్టర్ అయ్యాక కూడా చాలాచోట్ల కూలి ఒక్కో దూకుడుకు ఇంతని లెక్కే. గాలి ఎక్కువైనా, మబ్బు కమ్మినా ఆ రోజు చేతికి ఏమీ రాదు.

అందుకే నా మొదటి ఓటు సైనికాధికారులను తయారుచేసే నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్‌డీఏ)కి. 2022 నుంచి అమ్మాయిలనూ తీసుకుంటున్నారు. కోర్సు మొదలయ్యేనాటికి పదహారున్నర నుంచి పందొమ్మిదిన్నర ఏళ్లు ఉండాలి. గణితం 300, జనరల్ ఎబిలిటీ 600, సైన్యపు ఎంపిక బోర్డు (ఎస్ఎస్‌బీ) ఇంటర్వ్యూ 900 మార్కులు. పరీక్ష ఏడాదికి రెండుసార్లు ఉంటుంది, విశాఖలోనే రాయొచ్చు. ఎంపీసీ కాబట్టి నేవీ, వాయుసేనలకూ అర్హత ఉంది. సీట్లు తక్కువ, పోటీ గట్టిది; ఈఏపీసెట్ వదలొద్దన్నది అందుకే. యూనిఫాం వేసినంత మాత్రాన ప్యారాచూట్ చేతికివ్వరని కూడా ఆమెకు చెప్పండి. ముందుకొచ్చినవారిలోంచి వడపోసి ఆగ్రాలోని ప్యారాచూట్ శిక్షణ స్కూలుకు పంపుతారు. అక్కడ మొదట విమానానికి కట్టిన తాడే ప్యారాచూట్‌ను తెరుస్తుంది, ప్యారాచూట్ తెరవకుండా కాసేపు గాలిలో పడే ఫ్రీఫాల్ తర్వాతి మెట్టు. వాయుసేన ఆకాశ్ గంగ జట్టు, ఆర్కే బీచ్‌లో నేవీ విన్యాసాల్లో దిగేవాళ్లు, అందరూ సర్వీసులో ఉన్నవాళ్లే.

ఎన్‌డీఏ తప్పితే ఇంజినీరింగ్‌లో చేరి, మొదటి ఏడాదే ఎన్‌సీసీ ఆర్మీ వింగ్ పట్టుకోవాలి. కాడెట్లకు ఆగ్రాలో పారా బేసిక్ కోర్సు ఉంది. సైన్యంలో చేరకుండా ప్రభుత్వ ఖర్చుతో తొలి దూకుళ్లు దొరికే దారి ఇదే. మెకానికల్, ఏరోస్పేస్, టెక్స్‌టైల్ చదువులు రిగ్గింగ్‌కు దగ్గర. అమెరికాలో సీనియర్ రిగ్గర్ సర్టిఫికెట్‌కు అనుభవజ్ఞుడి పర్యవేక్షణలో కనీసం 20 ప్యారాచూట్లు ప్యాక్ చేసి, రాత, మౌఖిక, చేతిపని పరీక్షలు పాసవ్వాలి. అక్కడ ప్రతి రిజర్వ్‌నూ 180 రోజులకోసారి రిగ్గర్ విప్పి మళ్లీ మడవాల్సిందే, కాబట్టి ఆ చేతులకు పని తప్పదు. పైలట్ దారి కూడా ఉంది కానీ కమర్షియల్ లైసెన్సుకు 200 గంటలు ఎగరాలి, ఖర్చు అర కోటికి అటూ ఇటూ. అప్పు చేసి మాత్రం వద్దు.

ప్రమాదం గురించి మీరు రాయలేదు గానీ మనసులో ఉండే ఉంటుంది. ప్యారాచూట్ తెరుచుకోకపోవడమే జనం భయం. మెయిన్ చెడితే దాన్ని వదిలించే పిడి కుడివైపు, రిజర్వ్ పిడి ఎడమవైపు ఉంటాయి. మనిషి స్పృహ తప్పినా 750 అడుగుల దగ్గర ఏఏడీ రిజర్వ్‌ను తెరుస్తుంది. చావుల్లో పెద్ద వాటా శుభ్రంగా తెరుచుకున్న కెనొపీ (ప్యారాచూట్ గుడ్డ గొడుగు) కిందే జరుగుతోంది: నేలకు దగ్గరలో వేగంగా మలుపు తిప్పడం, ఒకరినొకరు గుద్దుకోవడం. 2025 జనవరిలో ఆర్కే బీచ్ రిహార్సల్‌లో ఇద్దరి ప్యారాచూట్లు చిక్కుకుని ఇద్దరూ సముద్రంలో పడ్డారు. పడవ దగ్గర్లో ఉండటంతో బయటపడ్డారు. అందుకే చిన్న, వేగమైన కెనొపీకి తొందరపడే శిష్యులను మంచి గురువు ఆపుతాడు.

విశాఖలో డ్రాప్ జోన్, అంటే స్కైడైవింగ్ చేయించే చోటు, లేదు. ఇక్కడి రన్‌వే నేవీ ఐఎన్ఎస్ డేగాది. రుషికొండ పారాసెయిలింగ్ సరదాకే, లాగ్‌బుక్‌లో ఎక్కదు. హైదరాబాద్ గండిపేటలోని ఇండోర్ టన్నెల్ (కింది నుంచి వీచే గాలి మీద మనిషి తేలే గొట్టం) మాత్రం పనికొస్తుంది. 13,000 అడుగుల నుంచి దూకితే గాలిలో దొరికేది సుమారు ఒక్క నిమిషం, అంటే టన్నెల్‌లో పది నిమిషాలు పది దూకుళ్లంత సాధన. శరీరం నిలకడ అక్కడ నేర్చుకోవచ్చు, కెనొపీ నడపడం నేర్చుకోలేం. ఈలోగా ఈత నేర్పించండి, ‘బి’ లైసెన్సుకు నీళ్లలో దిగే శిక్షణ తప్పనిసరి. చెవులు, భుజాలు డాక్టరుకు చూపించండి. ఒకసారి జారిన భుజం కెనొపీ తెరుచుకునే కుదుపుకు మళ్లీ జారొచ్చు. జలుబుతో పైకెళ్తే దిగేటప్పుడు చెవి పోటు భరించలేరు.

పద్దెనిమిది నిండాక ఒక్క టాండెమ్ చేయించండి, ముప్పై వేల దాకా అవుతుంది. హర్యానాలోని నార్నౌల్‌లో చేయిస్తున్నారు. డబ్బు కట్టేముందు ఇన్‌స్ట్రక్టర్ టాండెమ్ రేటింగ్ కార్డు, రిజర్వ్ ప్యాక్ చేసిన తేదీ, ఏఏడీ సర్వీసు తేదీ అడగండి. దిగాక ఆమె మొదట ఏం అడుగుతుందో వినండి. వీడియో ఎప్పుడిస్తారనా, లేక ఆ ప్యారాచూట్ ఎలా మడుస్తారనా? రెండోదైతే సొంతంగా దూకడం నేర్పే ఏఎఫ్ఎఫ్ కోర్సుకు రెండు మూడు లక్షలు పొదుపు చేయడం మొదలుపెట్టండి.