వేడెక్కాక మిస్ కొట్టే పాత బండి: నా బండిలో తప్పు ఎక్కడ దొరికిందంటే

పొద్దున ఒక్క కిక్కుకే స్టార్టయ్యే కార్బురేటర్ బండి, పావుగంట నడిచేసరికి మిస్ కొడుతోందని, ప్లగ్ మార్చి కార్బురేటర్ క్లీన్ చేయించినా పోలేదని అడిగారు. ఇంచుమించు ఇదే రోగంతో నేను రెండు నెలలు వేగాను. నాది సీడీఐ (స్పార్క్‌కి కరెంటు పంపే ఎలక్ట్రానిక్ పెట్టె) ఉన్న సింగిల్ సిలిండర్ ఫోర్ స్ట్రోక్ బండి. తప్పు చివరికి ప్లగ్ క్యాప్‌లో, అంటే వైరు కొసన ప్లగ్ మీద తొడిగే టోపీలో దొరికింది. ఈలోగా కార్బురేటర్‌ని మూడుసార్లు విప్పించాను. పాపం, దానికేమీ కాలేదు.

మీ ప్రశ్నలో అసలు ఆధారం ‘పావుగంట’ అన్న మాట. కార్బురేటర్‌లో పెట్రోల్ వెళ్లే సన్నటి రంధ్రం, అంటే జెట్‌లో నలక పడితే అది చల్లటి ఇంజిన్‌లోనూ అడ్డమే, వేడి ఇంజిన్‌లోనూ అడ్డమే. పైలట్ జెట్ మూసుకుంటే ఐడ్లింగ్‌లో నిలబడదు, మెయిన్ జెట్ మూసుకుంటే ఫుల్‌గా రెయిజ్ చేసినప్పుడు అందుకోదు. అంతేగానీ టైం చూసుకుని రాదు. (మొదటి పది నిమిషాలూ చోక్ వేసి నడుపుతుంటే మాత్రం ఈ లెక్క తప్పుతుంది. పెట్రోల్ తక్కువ అందుతున్న సంగతిని, పెట్రోల్ పాలు పెంచే చోక్ కప్పిపెడుతుంది.) టైం చూసుకుని వచ్చేవాటిలో నేనైతే మూడింటిని అనుమానిస్తాను: ట్యాంకు మూత, వేడికి చేతులెత్తేసే ఇగ్నిషన్ భాగాలు, మరీ బిగుతుగా ఉన్న టాపెట్లు (ఇంజిన్ వాల్వులను నొక్కి తెరిచే భాగాలు).

మూతతో మొదలుపెట్టండి, పైసా ఖర్చు లేదు. ట్యాంకులోంచి పెట్రోల్ దిగాలంటే పైనుంచి గాలి లోపలికి రావాలి. మూతలో ఉండే సన్నటి రంధ్రం దుమ్ముతో పూడిపోతే కాసేపటికి లోపల వాక్యూమ్ ఏర్పడి ధార సన్నబడుతుంది. మిస్ మొదలవగానే బండి పక్కన ఆపి మూత తెరవండి. ‘స్‌స్’ మని గాలి పీల్చుకున్న చప్పుడు వచ్చి, మళ్లీ మూసి బయల్దేరితే ఇంకో పావుగంట బాగా నడిచిందంటే దొంగ దొరికినట్టే.

చప్పుడు రాలేదా? అప్పుడు మిస్ ఎలా వస్తోందో గమనించండి. పెట్రోల్ అందకపోతే బండి రిజర్వ్‌కి వచ్చినప్పటిలా మెల్లగా నీరసపడుతుంది, చోక్ లాగితే కాసేపు కోలుకుంటుంది. స్పార్క్ పోతే ఎవరో స్విచ్ ఆపి వేసినట్టు ఠక్కున తెగి ఠక్కున అందుకుంటుంది. మధ్యమధ్య సైలెన్సర్ ‘ఢాం’ అని పేలుతుంది. సిలిండర్‌లో మండని పెట్రోల్ వెళ్లి సైలెన్సర్‌లో మండుతుందన్నమాట. నాది సరిగ్గా ఈ రెండో రకం. అయినా అందరూ కార్బురేటర్ అనేసరికి నేనూ దాని మీదే పడ్డాను.

స్పార్క్ చూడ్డంలోనూ మోసపోయాను. మెకానిక్ ప్లగ్ విప్పి, బాడీకి ఆనించి కిక్ కొట్టి, ‘స్పార్క్ ఉందిగా’ అన్నాడు. ఉంది. కానీ అది చల్లటి ఇంజిన్ మీద, బయటి గాలిలో. సిలిండర్‌లో కంప్రెషన్ కింద అదే గ్యాప్ దూకాలంటే వోల్టేజీ చాలా ఎక్కువ కావాలి. బయట సన్నగా వెలిగే స్పార్క్ లోపల వెలగకపోవచ్చు. పరీక్ష మిస్ కొట్టే సమయంలోనే చేయాలి. తర్వాత నేను రోడ్డు పక్కనే ఆపి చూస్తే, పొద్దున నీలంగా చిటపటలాడిన స్పార్క్ దారంలా సన్నబడి నారింజ రంగులోకి వచ్చింది. మీరు చూసేటప్పుడు ప్లగ్‌ని దాని రంధ్రానికి దూరంగా ఆనించండి, కిక్ కొట్టగానే అక్కణ్నించి పెట్రోల్ ఆవిరి ఎగజిమ్ముతుంది. ప్లగ్‌ని గాలిలో వేలాడదీసి మాత్రం కిక్ కొట్టొద్దు, సీడీఐ పాడైపోవచ్చు.

స్పార్క్ సన్నబడిందని, ప్లగ్‌కి హై వోల్టేజీ ఇచ్చే ఇగ్నిషన్ కాయిల్ కొత్తది వేశాను. పది రోజులు బండి గుర్రంలా పరిగెత్తింది. పదకొండో రోజు మళ్లీ మొదలు. అప్పుడు కాస్త బుర్ర పెట్టి ఆలోచిస్తే తట్టింది: కాయిల్ మార్చినప్పుడు పాత క్యాప్‌నే దానితో వచ్చిన కొత్త వైరుకు బిగించాం. ఆ కొత్త వైరు కొసలో క్యాప్ పట్టు పది రోజులు నిలిచిందేమో. క్యాప్ విప్పి మల్టీమీటర్ పెట్టాను. రెసిస్టర్ ఉన్న క్యాప్ సాధారణంగా 5 కిలో ఓమ్‌ల దగ్గర చూపించాలి. చల్లగా ఉన్నప్పుడు బాగానే చూపించింది. ఇంట్లో జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యర్‌తో వేడి చేశాను, అంకె పెరుగుతూ పెరుగుతూ పోయి చివరికి సర్క్యూటే తెగిపోయింది. చల్లారాక మళ్లీ 5. ఆ క్షణంలో కోపమూ నవ్వూ రెండూ వచ్చాయి.

వైరు కొస అర సెంటీమీటర్ కత్తిరించి, మెరిసే రాగి తేలాక కొత్త క్యాప్ తిప్పి బిగించాను. తర్వాత అనుమానం కొద్దీ పాత కాయిల్‌నే తిరిగి పెట్టి చూశాను, ఈరోజుకీ దానితోనే తిరుగుతున్నాను. కొత్త కాయిల్ టూల్ బాక్స్‌లో ఉంది. ఒకేసారి రెండు పార్టులు మారిస్తే ఏది పని చేసిందో తెలియదు. నేను ఒకటే మార్చాననుకుని, నిజానికి క్యాప్ కూడా విప్పి బిగించి గందరగోళం చేసుకున్నాను.

మీది పాయింట్లున్న (సీడీఐ బదులు, కరెంటును తెంపి స్పార్క్ పుట్టించే లోహపు ముక్కలున్న) బండి అయితే ముందు ఆ పాయింట్లకు జతగా ఉండే కండెన్సర్‌ని అనుమానించండి. అది కూడా వేడికే మొరాయిస్తుంది, పాయింట్ల మొహాలు నల్లగా కాలి ఉంటాయి. సీడీఐ అయితే క్యాప్ తర్వాత, స్పార్క్ ఎప్పుడు రావాలో సీడీఐకి చెప్పే పల్సర్ కాయిల్. బండి నిలబెట్టి, ఇంజిన్ ఆడుతుండగా హ్యాండిల్ పూర్తిగా తిప్పితే మిస్ వస్తోందంటే, వైర్లు వంగే ఆ మలుపులోనే ఎక్కడో తీగ తెగింది.

టాపెట్లు చివర్లో చూసుకోవచ్చు. ఎగ్జాస్ట్ వాల్వు కాడ వేడికి సాగుతుంది. టాపెట్‌కీ దానికీ మధ్య గ్యాప్ లేకపోతే వాల్వు పూర్తిగా మూసుకోక కంప్రెషన్ జారిపోతుంది. ఆ గ్యాప్‌ని చల్లటి ఇంజిన్ మీదే, ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే సన్నటి రేకులతో), మీ బండి మాన్యువల్‌లో ఉన్న అంకె ప్రకారం సెట్ చేయాలి. చాలా చిన్న బళ్లలో అది 0.05 నుంచి 0.10 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. టకటక శబ్దం లేదు కదా అని ధీమాగా ఉండకండి, బిగుతు టాపెట్ చప్పుడు చేయదు.

మీది పాయింట్లా సీడీఐనా, మిస్ కొట్టేటప్పుడు చోక్ లాగితే ఏమైంది, అప్పుడే విప్పిన ప్లగ్ తడిగా ఉందా, పొడిగా తెల్లగా ఉందా, ఇవి రాయండి. తడిగా ఉందంటే స్పార్క్ పోతూ ఉండొచ్చు, కార్బురేటర్ పెట్రోల్ ఎక్కువ పోస్తూనూ ఉండొచ్చు; అందుకే కార్బురేటర్ విప్పే ముందు స్పార్క్‌నీ క్యాప్‌నీ చూసుకోండి.