ఎక్స్‌రేలు తక్కువగా వస్తే కృష్ణబిలం బలహీనమైనదా, దాగినదా?

ఒక గెలాక్సీ కేంద్రం నుంచి ఎక్స్‌రేలు చాలా తక్కువగా వస్తున్నప్పుడు, అక్కడి కృష్ణబిలం నిజంగానే బలహీనమైనదో, లేక వాయువు, ధూళి వెనుక దాగి పెరుగుతున్నదో ఎలా తేలుస్తారని మీరు అడిగారు. అనంతపురంలో ఎం.ఎస్సీ. భౌతికశాస్త్రం బోధిస్తూ, విద్యార్థుల ప్రాజెక్టుల కోసం నాసా ఎక్స్‌రే అంతరిక్ష టెలిస్కోపు నూస్టార్ పరిశీలనలను విశ్లేషించే అవకాశం నాకు కలిగింది. ఆ అనుభవంతో చెప్పగలిగేది ఏమిటంటే, మొత్తం ఎన్ని ఎక్స్‌రేలు వచ్చాయన్న లెక్కతో ఈ విషయం తేలదు; ఏ శక్తి దగ్గర ఎన్ని వచ్చాయో చూడాలి.

మన దృష్టిరేఖ వెంట చదరపు సెంటీమీటరుకు సుమారు 1.5 × 10²⁴ హైడ్రోజన్ పరమాణువులకు మించి ఉంటే, ఆ కేంద్రాన్ని కాంప్టన్-థిక్ అంటారు. దీన్ని ద్రవ్యరాశిలోకి మారిస్తే చదరపు సెంటీమీటరుకు దాదాపు 2.5 గ్రాములు, అంటే మన ఇళ్లలో పరిచే కడప బండ ఒక సెంటీమీటరు మందం ఉంటే ఎంతో, దాదాపు అంతే. అయినా 10 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల (ఎక్స్‌రేల శక్తిని కొలిచే ప్రమాణం; కింద శక్తుల అంకెలన్నీ ఇందులోనే) లోపు ఎక్స్‌రేలలో నేరుగా దాటి వచ్చేవి దాదాపు ఉండవు. శక్తి పెరిగే కొద్దీ శోషణ వేగంగా పడిపోతుంది కాబట్టి, అంతకు మించిన శక్తి గలవి కొన్ని బయటపడతాయి. 1999లో ప్రయోగించిన చంద్రా అనే ఎక్స్‌రే టెలిస్కోపు చిత్రాలు ఎంత స్పష్టమైనవైనా దాని పరిధి 10 లోపే. 2012లో వెళ్లిన నూస్టార్ 3 నుంచి 79 వరకు చూడగలదు. అంతటి శక్తి గల కిరణాలు అద్దాలను దాదాపు ఒరుసుకుంటూ తగిలితేనే పరావర్తనం చెందుతాయి కనుక, అద్దాలకూ డిటెక్టర్లకూ మధ్య దూరం కోసం అది కక్ష్యలో 10 మీటర్ల స్తంభాన్ని చాచుకుంది.

వర్ణపటాన్ని (ఏ శక్తి దగ్గర ఎన్ని ఎక్స్‌రేలు వచ్చాయో చూపే పటం) ఎక్స్‌స్పెక్ అనే విశ్లేషణ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, శోషణను లెక్కలోకి తీసుకోకుండా శక్తి పెరిగే కొద్దీ ఎక్స్‌రేల సంఖ్య క్రమంగా తగ్గే సాధారణ పవర్-లా నమూనాను అమర్చితే, మామూలుగా 1.8 ప్రాంతంలో ఉండవలసిన ఫోటాన్ సూచిక (ఆ తగ్గుదల ఎంత నిటారుగా ఉందో చెప్పే సంఖ్య) దాగిన కేంద్రాలకు 1 కంటే కిందికి దిగిపోతుంది. విద్యార్థులు సాఫ్ట్‌వేర్‌ను అనుమానించేది ఇక్కడే. నిజానికి కేంద్రం దాగి ఉందనడానికి అది మొదటి ఆధారం. తరువాత 6.4 దగ్గర ఇనుము రేఖ నిటారుగా లేచి కనిపిస్తుంది. కేంద్రం నుంచి నేరుగా రావలసిన కాంతి ఆగిపోయి, చుట్టూ ఉన్న వాయువు వెలువరించే రేఖ మాత్రం మనదాకా చేరడం వల్ల, తెర లేని కేంద్రాల్లో 0.1 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల స్థాయిలో ఉండే దాని తుల్య వెడల్పు (చుట్టుపక్కల శక్తుల కాంతితో పోలిస్తే రేఖ ఎంత బలంగా ఉందో చెప్పే కొలత) ఇక్కడ 1 దాకా, కొన్నిసార్లు అంతకు మించి పెరుగుతుంది. 20-30 మధ్య కనిపించే పరావర్తన ఉబ్బు (చుట్టూ ఉన్న వాయువును తాకి చెదిరి వచ్చే ఎక్స్‌రేల పెరుగుదల) కూడా సాక్ష్యమే గానీ, నేను ఇనుము రేఖనే ఎక్కువగా నమ్ముతాను, ఎందుకంటే అధిక శక్తుల వద్ద నేపథ్య సంకేతం తరచుగా ఇబ్బంది పెడుతుంది.

పరారుణ కాంతిని కూడా చూడాలి. ధూళి తాను మింగిన శక్తిని పరారుణంలో తిరిగి వెదజల్లుతుంది. ఆ కాంతి బలంగా ఉండి ఎక్స్‌రేలు మాత్రం తక్కువగా ఉంటే దాగి ఉందని అనుమానించవచ్చు. రెండూ తక్కువైతే అది బలహీనమైనదే కావచ్చు. అయితే కొత్త నక్షత్రాలు కూడా ధూళిని వేడెక్కిస్తాయి కనుక ఈ ఒక్క ఆధారంతో తీర్పు చెప్పకూడదు.

తెర చదరపు సెంటీమీటరుకు 10²⁵ పరమాణువులు దాటితే నూస్టార్‌కు కూడా ప్రధానంగా పరావర్తనమే దక్కుతుంది. ఎన్‌జీసీ 1068 అనే గెలాక్సీ కేంద్రం అలాంటిదే. 2014 ఆగస్టులో మాత్రం 20కి పైన దాని కాంతి పెరిగింది. అడ్డుగా ఉన్న మేఘాల మధ్య తాత్కాలికంగా సందు ఏర్పడిందని దానికి ఇచ్చిన వివరణ. చాలా దూరపు గెలాక్సీల విషయంలో రెడ్‌షిఫ్ట్ (విశ్వ విస్తరణ వల్ల కిరణాల శక్తి తగ్గి మనకు చేరడం) మనకు సాయపడుతుంది: రెడ్‌షిఫ్ట్ 2 అయితే 21 దగ్గర బయలుదేరిన కిరణం 7 దగ్గర చేరుతుంది, చంద్రాకూ అందుతుంది.

మీరే ప్రయత్నించదలిస్తే సర్సినస్ గెలాక్సీతో మొదలుపెట్టండి. అది దగ్గరిది, సంకేతం బలమైనది. నూస్టార్ దత్తాంశాలూ విశ్లేషణ సాఫ్ట్‌వేరూ నాసా వద్ద ఉచితంగా దొరుకుతాయి, లైనక్స్ ఉన్న సాధారణ ల్యాప్‌టాప్ చాలు. 2015లో శ్రీహరికోట నుంచి వెళ్లిన భారత ఖగోళ ఉపగ్రహం ఆస్ట్రోశాట్ దత్తాంశాలు కూడా అందుబాటులో ఉన్నాయి గానీ, దానిలోని లాక్స్‌పీసీ అనే ఎక్స్‌రే పరికరానికి చిత్రాలు తీసే సామర్థ్యం లేదు, నేపథ్యం కూడా ఎక్కువ. మసక కేంద్రాలకు దాన్ని నేను సూచించను.