బెలూన్ పరిశోధనకు భవిష్యత్తు ఉందా?

ప్రశ్న: బీఎస్సీ ఫిజిక్స్ రెండో సంవత్సరం చదువుతున్నాను. ధ్రువ ప్రాంతాల్లో బెలూన్లు ఎగరేసి ఓజోన్‌పై పరిశోధన చేయాలని ఉంది. ‘ఓజోన్ పొర ఎలాగూ కోలుకుంటోందట, నీ చదువు అయ్యేసరికి ఇంకేం పని మిగులుతుంది?’ అంటున్నారు ఇంట్లో. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఇంట్లోవాళ్ల టెన్షన్ సంగతి చూద్దాం. కోలుకుంటున్న మాట నిజమే. కానీ అంటార్కిటికాపై ఓజోన్ బాగా దెబ్బతినకముందున్న 1980 నాటి స్థాయికి చేరేది 2066 ప్రాంతంలోనని 2022 నాటి అంతర్జాతీయ నివేదిక అంచనా. మీ రిటైర్మెంటూ ఇంచుమించు అప్పుడే! ఈలోగా 2020 వసంతంలో ఆర్కిటిక్‌పైనా ఓజోన్ బాగా పడిపోయింది. 2022లో టోంగా దగ్గర పేలిన అగ్నిపర్వతం స్ట్రాటోస్ఫియర్‌లోకి, అంటే ఓజోన్ పొర ఉండే పై వాతావరణంలోకి, బోలెడంత నీటి ఆవిరి ఎగజిమ్మింది. అదీ ఓజోన్‌పై ప్రభావం చూపగలదు. కాబట్టి పనికి కరువు లేదు.

ఆ పని ఎలా ఉంటుందో తెలుసుకోండి. ధ్రువాల చలికాలంలో, 15 నుంచి 25 కిలోమీటర్ల ఎత్తున ఉష్ణోగ్రత సుమారు మైనస్ 78 డిగ్రీల కిందికి పోతే నైట్రిక్ ఆమ్లం, నీరు కలిసి మేఘాలు కడతాయి. ఓజోన్ జోలికి పోని క్లోరిన్ సమ్మేళనాలు ఆ మేఘ కణాలపైనే రూపు మార్చుకుంటాయి. వసంతంలో ఎండ తగలగానే వాటి నుంచి విడివడ్డ క్లోరిన్ ఓజోన్‌ను తినేస్తుంది. ఆ మేఘంలోంచే దూసుకెళ్లే బెలూన్‌కు కణాలను లెక్కపెట్టే పరికరమో, ఓజోన్‌ను కొలిచే ‘ఓజోన్‌సోండ్’ అనే పరికరమో కడతారు. సోండ్‌లోని బుల్లి పంపు గాలిని పొటాషియం అయొడైడ్ ద్రావణంలోకి తోస్తుంది. ఓజోన్ ఎంత ఎక్కువుంటే కరెంటు అంత ఎక్కువ పుడుతుంది. 30 కిలోమీటర్లు దాటాక బెలూన్ పగిలిపోతుంది. పరికరం చాలాసార్లు తిరిగి దొరకదు. తప్పేదైనా ఉంటే నేలమీదే పట్టుకోవాలి. అందుకే ఈ రంగంలో ఎక్కువ సమయం ఎగరేయడానికి కాదు, క్యాలిబ్రేషన్‌కే, అంటే పరికరం సరిగ్గా చూపుతోందో లేదో పరీక్షించి సరిచేయడానికే పోతుంది.

పేరులో ‘క్లైమేట్’ ఉందని ఇరుకైన కోర్సులో చేరకండి. ఎమ్మెస్సీ ఫిజిక్సో, వాతావరణ శాస్త్రమో చదవండి. పక్కనే పైథాన్ ప్రోగ్రామింగ్, కొంచెం రసాయన శాస్త్రం నేర్చుకోండి. పీహెచ్‌డీకి గైడ్‌ను ఎంచుకునేటప్పుడు మాత్రం ఒకటి మొహమాటపడకుండా అడగండి: ‘మీ విద్యార్థులు ఫీల్డ్‌కి వెళ్తారా, డేటా మీదే పనిచేస్తారా?’ చాలామంది రెండోదే. పీహెచ్‌డీ లేకుండా సాంకేతిక సిబ్బందిగానూ వెళ్లొచ్చు. కానీ దక్షిణ ధ్రువంలో చలికాలం గడపాలంటే ఆరు నెలలు సూర్యుడు కనపడడు. పంటి పరీక్షలతో సహా వైద్య పరీక్షలూ కఠినమే.

ఈ సెలవుల్లో ఒక ఉష్ణోగ్రత సెన్సర్‌ను ఫ్రీజర్‌లో పెట్టి, అది ఎంత తప్పు చూపుతోందో, ఎంత ఆలస్యంగా స్పందిస్తోందో వారం పాటు రాసుకోండి. విసుగేస్తే డేటా, కంప్యూటర్ మోడలింగ్ వైపు వెళ్లండి. ‘ఎందుకిలా చూపుతోంది?’ అని నిద్ర పట్టకపోతే ఎమ్మెస్సీలో ఇన్‌స్ట్రుమెంటేషన్ (కొలత పరికరాల శాస్త్రం) తీసుకోండి.