ఫీల్డ్ థియరీ చదివితే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ ఫిజిక్స్ మొదటి ఏడాది. ఇమాజినరీ టైమ్, క్వాంటమ్ ఫీల్డ్ థియరీ అంటూ పీహెచ్‌డీ చేస్తానంటోంది. మా బంధువుల అబ్బాయికి సాఫ్ట్‌వేర్‌లో మంచి ప్యాకేజీ వచ్చింది. ఈమెను క్వాంటమ్ కంప్యూటింగ్ సర్టిఫికెట్ కోర్సులో చేర్చాలనుకుంటున్నాం. ఏది మేలు?
– ఒక తండ్రి, గుంటూరు

జవాబు: కూడుపెట్టని చదువు వెంట పడిందన్నదే మీ భయం. ముందు ఆ చదువేమిటో వినండి. క్వాంటమ్ ఫీల్డ్ థియరీ అంటే సూక్ష్మ కణాల ప్రవర్తనను లెక్కగట్టే సిద్ధాంతం. అందులో కాలాన్ని కల్పిత (ఇమాజినరీ) సంఖ్యగా మారిస్తే, అలల్లా ఊగే పదాలు త్వరత్వరగా తగ్గిపోయే పదాలవుతాయి. కోట్లాది అణువుల సగటు ప్రవర్తనను లెక్కగట్టే స్టాటిస్టికల్ మెకానిక్స్‌లో ఏ స్థితికి ఎంత సంభావ్యతో చెప్పే బోల్ట్జ్‌మన్ సూత్రానిదీ అదే రూపం. ఆ కల్పిత కాలం నిడివి తగ్గేకొద్దీ ఉష్ణోగ్రత పెరిగినట్టు లెక్క. 1974లో భౌతికశాస్త్రవేత్త కెన్నెత్ విల్సన్ స్థలకాలాన్ని గళ్లుగా విడగొట్టి, ప్రోటాన్‌లాంటి కణాల లోపలుండే క్వార్కుల సిద్ధాంతాన్ని దానిమీద రాశాడు. ఊగిసలాట లేదు కాబట్టి అయస్కాంతాల లెక్కలకు వాడే మోంటే కార్లో పద్ధతి (యాదృచ్ఛిక సంఖ్యలతో కంప్యూటర్‌పై లెక్కగట్టడం) అక్కడా పనిచేసింది. 2008లో ప్రోటాన్ లాంటి కణాల ద్రవ్యరాశులను సూపర్ కంప్యూటర్లపై ఇలాగే లెక్కగట్టారు. ఇందులో సగం పని ప్రోగ్రామింగే.

ఇక మీ సర్టిఫికెట్. 2023లో కేంద్రం 6,003 కోట్లతో క్వాంటమ్ మిషన్‌ను ఆమోదించింది, అమరావతిలో క్వాంటమ్ వ్యాలీ అంటున్నారు. మంచిదే. కానీ కొన్ని వారాల కోర్సు ఎవరినీ ఆ రంగంలో నిలబెడుతుందని నేను నమ్మను. క్యూబిట్ (క్వాంటమ్ కంప్యూటర్ బిట్), గేట్ (దానిమీద చేసే చిన్న చర్య) పరిచయం చేసి, సిద్ధంగా ఉన్న ప్రోగ్రాం నడిపిస్తారు, అంతే. అక్కడి అసలు కష్టం దోషాల సవరణ. టోరిక్ కోడ్ అనే పద్ధతి ఎన్ని దోషాలను తట్టుకోగలదన్న ప్రశ్నను 2002లో ఐసింగ్ నమూనా (అయస్కాంతానికి స్టాటిస్టికల్ మెకానిక్స్‌లో వాడే సరళమైన నమూనా) ప్రశ్నగా మార్చి చూశారు. అంటే మీ అమ్మాయి చదువుతో ముడిపడ్డ సబ్జెక్టే! పైగా నిజకాలంలో, అంటే మామూలు కాలంలో జరిగే మార్పులను కల్పిత కాలం ఉపాయంతో లెక్కగట్టడం చాలా కష్టం. అక్కడ క్వాంటమ్ కంప్యూటర్ సాయపడుతుందని ఫీల్డ్ థియరీవాళ్లే ఆశపడుతున్నారు.

ఒక మాట కటువుగానే అంటాను. మీ ఉత్తరంలో బంధువుల అబ్బాయి ప్యాకేజీ ఉంది, అమ్మాయికి ఏది బాగా వచ్చో ఒక్క ముక్క లేదు. ఆమె భవిష్యత్తు గురించి అడుగుతూ ఆమెనే మరిచిపోతే ఎలాగండీ?

అధ్యాపక పోస్టులు తక్కువ, నిజమే. జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 ఫెలోషిప్ ఉంటుంది కాబట్టి పీహెచ్‌డీ మీకు భారం కాదు. ముంబై టీఐఎఫ్ఆర్, చెన్నై ఐఎంఎస్సీ అనే పరిశోధన సంస్థల్లో ఈ రంగంలో పరిశోధన జరుగుతోంది. ఈ సెలవుల్లో రెండు డైమెన్షన్ల ఐసింగ్ నమూనాకు ఆమెను సొంతంగా ప్రోగ్రాం రాయమనండి. ఫలితాన్ని 1944లో ఆన్సాగర్ ఇచ్చిన కచ్చితమైన జవాబుతో పోల్చుకోవచ్చు. ఆ పనిలో ఆనందం దొరికితే నిశ్చింతగా పీహెచ్‌డీకి పంపండి. విసుగొస్తే, నేర్చుకున్న ప్రోగ్రామింగ్‌తో డేటా ఉద్యోగాల వైపు వెళ్లొచ్చు.