గచ్చు పగలగొట్టే ముందు ఛాంబరు మూత తీయించండి

ప్రశ్న: మాది 1998లో కట్టిన డాబా ఇల్లు. ఆరు నెలలుగా వాషింగ్ మెషీన్ నీళ్లు వదిలినప్పుడల్లా వెనక బాత్‌రూములోని కమోడ్‌లో గుడగుడమని శబ్దం వస్తోంది. నేల జాలీలోంచి నల్లటి నీళ్లు పైకి ఉబుకుతున్నాయి. ప్లంబరు రెండుసార్లు యాసిడ్ పోశాడు. నాలుగు రోజులు బాగుండి మళ్లీ మొదటికొచ్చింది. గొట్టం హాలు కిందుగా పోయింది కాబట్టి గచ్చు పగలగొట్టక తప్పదని ఇప్పుడు అంటున్నాడు. టైల్స్ వేయించి రెండేళ్లే అయింది. వేరే దారి ఉందా?
— ఒక గృహిణి, కావలి

జవాబు: అమ్మా, టైల్స్ మీద సుత్తి దెబ్బ పడకముందే మీరు ఉత్తరం రాయడం మంచిదైంది. మీరు చెప్పిన లక్షణాలలోనే సగం సమాధానం ఉంది. ఒక్క సింకులోనో ఒక్క కమోడ్‌లోనో నీళ్లు నిలిస్తే అడ్డు అక్కడికి దగ్గరలోనే, చాలావరకు దాని ట్రాప్‌లోనే, అంటే కింద నీరు నిలిచే గొట్టం వంపులోనే ఉంటుంది. అలా కాక ఒకచోట వదిలిన నీళ్లు మరొకచోట పైకి వస్తున్నాయంటే, ఆ రెండు గొట్టాలూ కలిసిన తర్వాతి ఉమ్మడి లైనులో అడ్డు పడిందని అర్థం. ముందుకు పోయే దారి లేని నీళ్లు ఇంట్లో అన్నిటికంటే పల్లంగా ఉన్నచోట పైకి తేలతాయి. సాధారణంగా అది స్నానాల గది నేల జాలీయే. గుడగుడ శబ్దం గొట్టంలో చిక్కుకున్న గాలి కమోడ్‌లోని నీటి గుండా బయటపడుతున్న చప్పుడు. దానికి లైనులోని అడ్డు కారణం కావచ్చు, డాబా పైకి లేపిన గాలి గొట్టం మూసుకుపోవడమూ కారణం కావచ్చు. అందుకని ముందుగా ఎవరినైనా డాబా ఎక్కించి, ఆ గొట్టం నోట్లో పక్షి గూడో ఎండుటాకులో ఉన్నాయేమో చూడమనండి.

తర్వాత ఇంటి గోడ దాటగానే ఉండే మొదటి ఛాంబరు, అంటే మురుగు గొట్టాన్ని తెరిచి చూసేందుకు కట్టిన గుంత, మూత తీయించండి. అది నిండి ఉంటే అడ్డు దానికి అవతల, సెప్టిక్ ట్యాంకు వైపో వీధి వైపో ఉంది. హాలును ముట్టుకోవలసిన పనే లేదు. అప్పుడు దాని తర్వాతి ఛాంబరు కూడా తెరిచి చూస్తే, నిండిన ఛాంబరుకూ ఖాళీగా ఉన్న ఛాంబరుకూ నడుమ ఉన్న గొట్టంలోనే లోపం దొరుకుతుంది. అన్నీ నిండి ఉంటే ట్యాంకు గానీ ఇంకుడు గుంత గానీ నిండిపోయి ఉంటుంది. మొదటి ఛాంబరు ఎండి ఉండగా ఇంట్లో నీళ్లు నిలుస్తుంటే మాత్రమే మీ ప్లంబరు మాట నిజం కావడానికి అవకాశముంది. అప్పుడైనా గొట్టం లోపల ఎన్నో అడుగు దగ్గర అడ్డుందో కొలిచి చెప్పమని గట్టిగా అడగండి.

కొలవడం కష్టమైన పని కాదు. కందుకూరులో నేను చూసిన ఒక పాత ఇంట్లోనూ పరిస్థితి ఇలాగే ఉండేది. కమోడ్‌లో బట్టల నీలిమందు కలిపిన నీళ్లు బకెట్‌తో ఒక్కసారిగా పోయించి, నేను ఛాంబరు పక్కన కూర్చున్నాను. లైను శుభ్రంగా ఉంటే ఆ నీళ్లు కొద్ది క్షణాల్లోనే దబ్బున వచ్చి పడాలి. రెండు నిమిషాలు గడిచాక నీలిరంగు చార ఒకటి దారంలా గొట్టం అడుగున పాకుతూ వచ్చింది. స్ప్రింగు తీగను ఛాంబరు వైపు నుంచి లోపలికి పంపితే పదకొండో అడుగు దగ్గర ఆగిపోయింది. తిప్పి లాగితే దాని కొనకు అంట్లు తోమే కొబ్బరి పీచు, ఆ పీచును పట్టుకొని అల్లుకున్న సన్నటి వేర్లు, వాటికి మైనంలా అతుక్కున్న తెల్లటి నూనె గడ్డ వచ్చాయి. పాత గొట్టాల సిమెంటు అతుకు చిట్లిన చోట తేమను వెతుక్కుంటూ పెరటి చెట్టు వేరు దూరింది. ఆ వేరుకు పీచు తగులుకుంది. పీచుకు వంటింటి జిడ్డు పేరుకుంది. ఇల్లు కట్టిన నాటి నుంచీ మెల్లగా పెరిగిన అడ్డు అది. యాసిడ్ దాని మీదుగా జారిపోతుందే తప్ప వేరును కోయలేదు.

యాసిడ్ గురించి ఇంకొక మాట చెప్పాలి. అది సిమెంటు అతుకులను తినేస్తుంది, ట్యాంకులో మలాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులను చంపుతుంది, గొట్టంలో నిలిచి ఉన్నప్పుడు తీగ తిప్పే మనిషి చేతుల మీద, కళ్ల మీద చిందుతుంది. బ్లీచింగ్ పౌడరు చల్లిన చోట యాసిడ్ పోస్తే ప్రాణాంతకమైన క్లోరిన్ వాయువు పుడుతుంది. మూడోసారి దయచేసి పోయనివ్వకండి.

అడ్డు తీసిన కొద్ది నెలలకే మళ్లీ పడితే గొట్టం వాటం (ఏటవాలు) చెడిందని అనుమానించాలి. నాలుగంగుళాల గొట్టానికి నలభై అడుగులకు ఒక అడుగు చొప్పున, అంటే పది అడుగులకు మూడంగుళాల వాటం ఉంటే నీరూ మలమూ కలిసి సాగుతాయి. మీ ఇల్లు నల్లరేగడి నేల మీద ఉంటే, ఆ మట్టి వానకు ఉబ్బి ఎండకు నెర్రెలు విచ్చుకుంటుంది కాబట్టి, ఇసుక పరుపు లేకుండా వేసిన గొట్టం నడుమ కుంగి అక్కడే మడ్డి నిలుస్తుంది. ఛాంబరులో దీపం పెట్టి ఈ చివర నుంచి ఆ చివర వెలుగు కనబడుతోందో లేదో చూసే పాత పద్ధతి నేటికీ పనికొస్తుంది. దీపం అంటే టార్చిలైటే సుమా, అగ్గిపుల్ల గీయకూడదు. పెద్ద ఊళ్లలో గొట్టంలోకి చిన్న కెమెరా పంపి చూసేవారు కూడా దొరుకుతున్నారు. హాలు కింది గొట్టం నిజంగానే కుంగి ఉంటే, నా అభిప్రాయంలో దాన్ని అక్కడే వదిలేసి, స్నానాల గది వెనక గోడ నుంచి ఇంటి పక్క సందులో కొత్త 110 మిల్లీమీటర్ల పీవీసీ లైను వేయించడం మేలు. బేల్దారి పని కొంత పెరిగినా, టైల్స్ మిగులుతాయి, మలుపు తిరిగిన ప్రతిచోటా ఛాంబరు పెట్టుకోవచ్చు, రేపు అడ్డు పడితే ఇంట్లో కాక ఆరుబయట తీసుకోవచ్చు. మలుపుల దగ్గర తొంభై డిగ్రీల ఎల్బో బిగించనివ్వకండి. రెండు నలభై ఐదు డిగ్రీల బెండ్లు వాడమనండి.

ప్రశ్న: మాది నెల్లూరులో పల్లపు కాలనీ. 2023 డిసెంబరు తుపాను రోజుల్లో మురుగు నీళ్లు మరుగుదొడ్డిలోంచి ఇంట్లోకి తన్నుకొచ్చాయి. వానలు లేనప్పుడు ఏ ఇబ్బందీ లేదు. దీన్ని ఆపవచ్చా?
— ఒక పాఠకుడు

జవాబు: ఈశాన్య రుతుపవనాలే మన జిల్లాకు పెద్ద వానలు కనుక అక్టోబరు రాకముందే ఈ పని చేయించాలి. మీ లైను బయటికి కలిసే చోట ఆఖరి ఛాంబరులో ఒంటివైపు తెరుచుకునే వాల్వు పెట్టిస్తే, వీధి కాలువలో నీటిమట్టం మీ గొట్టం కంటే పైకి లేచినప్పుడు దాని రెక్క మూసుకుంటుంది. అది మూసుకుని ఉన్నంతసేపూ ఇంట్లోని నీళ్లు కూడా బయటికి పోవని గుర్తుంచుకొని వాడకం తగ్గించుకోవాలి. రెక్క కింద చిన్న పీచు ఇరుక్కున్నా అది పనిచేయదు కాబట్టి, వాల్వును మట్టిలో పూడ్చకుండా మూత తీసి కడిగే వీలున్న చోటే పెట్టాలి. డాబా మీది వాన నీటి గొట్టాన్ని మురుగు లైనుకు కలిపి ఉంటే వెంటనే విడదీయించండి. చాలా ఇళ్లలో పైకి తన్నేది వీధి నీరు కాదు, సొంత డాబా నీరే.

నేలలో ఊట పైకి వచ్చిన రోజుల్లో ఇంకుడు గుంత నీరు పీల్చదు. ట్యాంకు నిండిందని కంగారుపడి దాన్ని పూర్తిగా తోడించకండి. ప్లాస్టిక్, ఫైబరు ట్యాంకులు ఖాళీగా ఉంటే ఊట ఒత్తిడికి పైకి తేలి గొట్టాలు విరిగిపోతాయి.

ప్రశ్న: పన్నెండేళ్లుగా సెప్టిక్ ట్యాంకు తీయించలేదు. బండివాళ్లు పైనీళ్లు లాగాక, అడుగున గట్టిపడిన మడ్డి తీయడానికి మనిషిని దించాలని, అదనంగా డబ్బు ఇవ్వమని అంటున్నారు. ఇవ్వవచ్చా?
— ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: ఇవ్వవద్దు. ఎంత బతిమాలినా, ఎంత అనుభవమున్న మనిషినని చెప్పినా ఎవరినీ దించవద్దు. ట్యాంకులో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ కొద్దిగా ఉన్నప్పుడు కుళ్లిన గుడ్డు వాసన వేస్తుంది. ఎక్కువైనప్పుడు వాసన పసిగట్టే శక్తినే చంపుతుంది. అందువల్ల వాసన తగ్గిందని దిగినవాడు రెండు శ్వాసలకే పడిపోవచ్చు. అతన్ని లాగబోయి దిగిన రెండోవాడు, మూడోవాడు కూడా అలాగే పోయిన ఘటనలు ఈ దేశంలో పదేపదే జరుగుతున్నాయి. రక్షణ సామగ్రి లేకుండా సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దించడం 2013 నాటి చట్టం ప్రకారం నేరం. మొదటి తప్పుకే రెండేళ్ల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు; ఈ నిషేధం ఇంటి యజమానికీ వర్తిస్తుంది. మురుగు పనిలో చనిపోయినవారి కుటుంబాలకు 30 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. చట్టం మాట అటుంచినా, మన ఇంటి మడ్డి కోసం ఒక మనిషి ప్రాణాన్ని పణంగా పెట్టడం నాకు ఏ విధంగానూ సమ్మతం కాదు.

గట్టిపడిన మడ్డిని పైనుంచే కదిలించవచ్చు. పంపుతో నీటిని ఒత్తిడిగా కొట్టి, పొడవాటి కర్రతో కలిపి, ఒక రాత్రి నాననిచ్చి మర్నాడు మళ్లీ బండితో లాగించండి. ట్యాంకు తళతళలాడనక్కరలేదు, అడుగున కాస్త మడ్డి మిగిలితే సూక్ష్మజీవులు తిరిగి పెరగడానికి అదే ఆధారం. మూత తెరిచి ఉన్నంతసేపూ పిల్లలను దగ్గరికి రానివ్వకండి, ఎవరినీ బీడీ వెలిగించనివ్వకండి. యంత్రంతో తీసే బండి కోసం నగరపాలక సంస్థ కార్యాలయంలో అడగండి. 14420 నంబరు ఇలాంటి సేవల కోసమే పెట్టినది.

ఇకమీదట రెండు మూడేళ్లకొకసారి తీయిస్తే మడ్డి గట్టిపడే అవకాశమే ఉండదు. తీయించిన నెల, సంవత్సరం ట్యాంకు పక్క గోడ మీద పెయింటుతో రాయించండి. రేపు ఆ ఇంట్లో అద్దెకున్నవారికైనా అది కనబడుతుంది.