చిన్నీకి, డిటెక్టివ్ నెల మధ్యలో

పెద్దవాల్తేరు, విశాఖపట్నం,
ఆదివారం పొద్దున్న

చిన్నీ,

నీ మెసేజ్ రాత్రి చూశాను. నెలకో రకం నవల చదువుతానని జనవరిలో పట్టిక రాసుకుని ఫ్రిజ్ మీద అంటించుకున్నావు. ఫిబ్రవరి సగం కాకుండానే డిటెక్టివ్ నవల ముప్ఫయ్యో పేజీ దగ్గర పడేశావు. "ఇందులో మనుషుల మనసే లేదు పెద్దమ్మా, అన్నీ తలుపులూ గడియారాలూ" అన్నావు. నవ్వొచ్చింది. ఫోన్లో చెప్తే సగం మీవాడి అల్లరిలో కొట్టుకుపోతుందని రాస్తున్నాను.

నా చదువంతా కుటుంబ నవలలేనని నీకు తెలుసుగా. వారపత్రికల్లో సీరియళ్లు చించి, దారంతో కుట్టి, అట్ట వేసుకున్న తరం మాది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు కిటికీ అద్దం పగిలి ఆ బీరువా మొత్తం తడిసిపోయింది. తరవాత రోజుల తరబడి కరెంటు లేదు. పొద్దున్నే పాల ప్యాకెట్ కోసం లైను, సాయంత్రం ఆరయ్యేసరికి వీధంతా చీకటి. ఇంట్లో పొడిగా మిగిలింది మీ అన్నయ్య ఎప్పుడో అటక మీద పడేసిన దెయ్యాల నవల ఒక్కటే. గతిలేక కొవ్వొత్తి పెట్టుకుని మొదలుపెట్టాను.

ఒకచోట తలుపు తెరుచుకోవడానికి ఒకటిన్నర పేజీ పట్టింది. ముందు గడియ కదిలింది. తరవాత బందు కిర్రుమంది. తరవాత ఏమీ లేదు. ఆ ఏమీ లేకపోవడం గురించే అరపేజీ. కుటుంబ నవల్లో ఎవరైనా ఇలా రాస్తే "ఏటీ సాగదీత" అని విసిరేసేదాన్ని. ఆ రాత్రి మాత్రం కొవ్వొత్తి పట్టుకుని లేచి వెళ్లి వంటింటి గడియ చూసొచ్చాను. అక్కడ సాగదీయడమే ఆ రచయిత పని! అంతవరకూ నేను పులిహోర తింటూ పాయసంలా లేదని వంకలు పెడుతూ వచ్చానన్నమాట. మరుసటి జనవరి నుంచి నెలకో కొత్త రకం పెట్టుకున్నాను.

ఇప్పుడు నీ డిటెక్టివ్ సంగతి. తలుపులూ గడియారాలూ అన్నావే, అక్కడ మనసులు వాటిలోనే దాగుంటాయి. ఎవరు ఏ టైముకి ఏ గదిలో ఉన్నామన్నారో, అది అబద్ధమైతే ఎవరి కోసం ఆడారో. అత్తాకోడళ్ల కథలో నువ్వు పసిగట్టేదీ అదేగా? వెనకట్ట లోపల పెన్సిల్‌తో పేర్లు వేసుకుని, పక్కనే వాళ్లు చెప్పిన టైము రాసుకో. రోజుకి పది పేజీలు మాత్రం చదవకు. శనివారం సగం, ఆదివారం సగం. మధ్యలో వారం ఆగావంటే వంటవాడెవడో డ్రైవరెవడో మరిచిపోయి, తప్పంతా పుస్తకం మీద తోస్తావు.

వంటవాడంటే గుర్తొచ్చింది. నా చిన్నప్పుడు మా వీధి చివర అద్దె పుస్తకాల షాపు ఉండేది. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ కోసం మగపిల్లలు అక్కడ కాచుక్కూచునేవారు. వాళ్ల మీద పంతంతో నేనూ ఓ అపరాధ పరిశోధన నవల తెచ్చుకున్నాను. పన్నెండో పేజీ అంచున ఎవడో నీలం పెన్నుతో "హంతకుడు వంటవాడు" అని రాసిపెట్టాడు. ఏడుపొచ్చింది. అద్దె దండగవుతుందని చదివాను. వంటవాడు కూరలో ఉప్పు వేసినా అనుమానమే, వెయ్యకపోయినా అనుమానమే. తీరా చూస్తే వాడు అమాయకుడు! ఆ ఉడుకుమోత్తనంతో నలభయ్యేళ్లు ఆ రకం వైపు చూడలేదు. కానీ అంత శ్రద్ధగా మాత్రం అప్పటిదాకా ఏ పుస్తకమూ చదివి ఉండను.

సైన్స్ ఫిక్షన్ ఎదురుగా ప్రశ్నార్థకం పెట్టావు. ఫ్రాంకెన్‌స్టయిన్‌తో మొదలుపెట్టు. మేరీ షెల్లీ దాన్ని మొదలుపెట్టేనాటికి పద్దెనిమిదేళ్ల పిల్ల. 1818లో మొదట అచ్చయినప్పుడు దాని మీద ఆవిడ పేరు కూడా లేదు. ఆ రకానికి ఆద్యం అదేనని చాలామంది అంటారు. మంచు సముద్రం వైపు వెళ్లే ఓడ కెప్టెన్ తన తోబుట్టువుకి రాసే ఉత్తరాలతో కథ తెరుచుకుంటుంది. మీ ఆయన ఓడ మీంచి పంపే మెసేజ్‌ల కోసం ఎదురుచూసేదానివి, నీకా గుమ్మం కొత్త కాదు. లోపలికి వెళ్తే రాక్షసుడి కథ కాదది, తయారుచేసినవాడే చూసి అసహ్యించుకుని వదిలేసిన బిడ్డ కథ. నాకైతే అచ్చం కుటుంబ నవలే.

ఆ తరవాత గ్రహాంతర కథలకి వెళ్లు. మొదటి నలభై పేజీల్లో తెలియని మాటలొస్తాయి. ఆగి ఫోన్లో వెతక్కు. కొత్తకోడలు అత్తారింట్లో మొదటి వారం ఎవరికెవరు ఏమవుతారో అడక్కుండానే చూసి తెలుసుకోదూ, అలా.

చారిత్రకం మే నుంచి డిసెంబరుకి మార్చు, ఎండల్లో కొండలెక్కలేవు. అడివి బాపిరాజు గారి హిమబిందు శాతవాహనుల కాలం నాటి కథ. సగం చదివాక ఓ పొద్దున్న తొట్లకొండ ఎక్కు. 1976లో నేవీ వాళ్లు విమానంలోంచి సర్వే చేస్తుంటే బయటపడ్డ బౌద్ధక్షేత్రం అది. రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్లే ఆ పేరు. భిక్షువుల గదుల పునాదులు మిగిలాయి, ఒకదాని పక్కన నిలబడి చూడు, మన స్టోరు రూమంత ఉంటుంది. ఇప్పుడు నవల్లో బౌద్ధవిహారం అన్న మాట వస్తే చాలు, నాకు మొహానికి సముద్రపు గాలి కొడుతుంది.

రావిశాస్త్రి గారి కథలు పైకి చదువుకో. ఈ ఊరి వకీలు ఆయన. కోర్టు బయట మనుషుల మాట కళ్లతో చదివితే సగమే దక్కుతుంది. యుద్ధం నవలలు నాకింకా కుదరలేదు, మూడుసార్లు మొదలెట్టి వదిలేశాను. నీకు కుదిరితే ఎలా చదివావో చెప్పు.

పుస్తకం ఎంచుకునేటప్పుడు "మంచిది ఏది" అని అడక్కు. అందరూ గొప్పదే చెప్తారు, అది ఎనిమిది వందల పేజీలుంటుంది. ద్వారకానగర్ పౌర గ్రంథాలయానికి వెళ్లినప్పుడు ఆ రకం పిచ్చిగా చదివేవాళ్లెవరైనా కనబడితే, వాళ్లకి ఆ పిచ్చి ఏ పుస్తకంతో పట్టుకుందో అడుగు. సన్నంగా ఉన్నదైతే మరీ మంచిది. యాభై పేజీలు చదివాక కూడా పడకపోతే వదిలెయ్, కానీ నోట్‌బుక్‌లో "నచ్చలేదు" అని రాసి ఊరుకోకు. ఏ పేజీలో, ఏ మాట దగ్గర విసుగొచ్చిందో రాయి. పన్నెండు నెలల్లో రెండు నెలలు ఖాళీగా వదులుకో, నీకిష్టమైనవి హాయిగా చదువుకోవడానికి. అది కూడా లేకపోతే ఆగస్టుకల్లా ఆ పట్టిక మీద పాలవాడి లెక్కలుంటాయి.

వచ్చే ఆదివారం పిల్లాణ్ని తీసుకుని భోజనానికి రా. నూట ఇరవై పేజీల డిటెక్టివ్ ఒకటి తీసి ఉంచాను. చివరి పేజీ ముందే చూసే జబ్బు మన ఇంటి ఆడవాళ్లందరికీ ఉంది కాబట్టి, ఆఖరి అధ్యాయానికి బట్టల క్లిప్పు పెట్టాను. అది నా ఎదురుగానే తియ్యాలి.

నీ పెద్దమ్మ