శుక్రవారం పొయ్యి వెలిగించొద్దా?

ప్రశ్న: మా ఇంట్లో ప్రతి శుక్రవారం ఉపవాస ప్రార్థన ఉంటుంది. బైబిలులో ఆ రోజును 'సిద్ధపరచు దినము' అన్నారని, యూదులు కూడా ఆ రోజు పొయ్యి వెలిగించకుండా ఉపవాసం ఉండేవారని మా అత్తమ్మ అంటుంది. నిజమేనా?
– ఒక పాఠకురాలు, కాజీపేట

జవాబు: పొయ్యి సంగతి మాత్రం తారుమారైందమ్మా. యూదుల ఇళ్లలో వారంలో పొయ్యికి ఎక్కువ పని పడేదే శుక్రవారం. మంట రాజేయకూడనిది విశ్రాంతి దినాన, అంటే శనివారాన (నిర్గమకాండము 35:3). అది శుక్రవారం పొద్దుగూకగానే మొదలవుతుంది. వంట, ఇల్లు ఊడ్చుడు, స్నానాలు అన్నీ ఆలోపే. అందుకే అది 'సిద్ధపరచు దినము'. సూర్యాస్తమయానికి 18 నిమిషాల ముందు ఇల్లాలు దీపాలు వెలిగించడం ఆనవాయితీ. యెరూషలేములోనైతే 40 నిమిషాల ముందే. చలికాలంలో అక్కడ నాలుగున్నర దాటగానే పొద్దుగూకుతుంది. ఎంత టెన్షనో చూడండి! సద్దుల బతుకమ్మకు గునుగుపూలకు రంగులద్దే హడావిడి మనకు ఏడాదికోసారి, వాళ్లకు వారం వారం.

శనివారం చల్లన్నమే తింటారనుకోకండి. ముందే రాజేసిన మంట మీద గిన్నె ఉంచొచ్చు. చిక్కుడు గింజలు, బార్లీ, ఆలుగడ్డ, మాంసం కలిపి శుక్రవారమే సన్నసెగ మీద పెట్టి, మర్నాడు మధ్యాహ్నం వేడివేడిగా తింటారు. చోలెంట్ అంటారు, హమీన్ అనీ అంటారు. నాకైతే అడుగంటుతుందేమోనని రాత్రంతా నిద్ర పట్టదు!

ఇలా ముందురోజే సిద్ధం చేసుకోవడానికి మూలం మన్నా, అంటే ఎడారిలో ఇశ్రాయేలీయులకు దేవుడిచ్చిన ఆహారం. ఆరో రోజున మనిషికి రెండు ఓమెరుల (ఓమెరు అనేది ఒక కొలత) చొప్పున, రెండింతలు ఏరుకుని, వండుకోవాల్సింది ముందే వండుకోమన్నాడు మోషే (నిర్గమకాండము 16). యేసు దేహాన్ని ఆ సాయంత్రమే సమాధిలో పెట్టింది కూడా విశ్రాంతి దినం ముంచుకొస్తోందనే. మార్కు 15:42 చూడండి.

ఇక ఉపవాసం. ఫాతిమానగర్‌లో తెలిసిన కతోలికులుంటే వాళ్ల బైబిలు అడిగి యూదితు గ్రంథం 8వ అధ్యాయం తీయండి. భర్త పోయాక దాదాపు రోజూ ఉపవాసమున్న యూదితు కూడా విశ్రాంతి దినానికి ముందు రోజు భోంచేసేది.

అలాగని అత్తమ్మతో వాదనకు దిగకండి. 'డిడాకే' అనే తొలినాళ్ల క్రైస్తవ గ్రంథం బుధవారం, సిద్ధపరచు దినం ఉపవాసం ఉండమంటుంది. ఆమె ఉపవాసం చాలా పాతదే. కాకపోతే అది క్రైస్తవులది, యూదులది కాదు.